స్వచ్ఛంద విజ్ఞానసర్వస్వమున స్త్రీలును, రాష్ట్రేతరాంధ్రుల నుడియు: ఒక విమర్శ

భండారు అచ్చమాంబగారు (1874–1905) బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారి చదువు సాగుచుండగా ఆయన తోడ్పాటుతో ఇంటనే తెలుగు, హిందీ, మరాఠీ మున్నగు భాషలు నేర్చిరి. సంసారము తెలుగునేలకు వెలుపల, నాటి మధ్యపరగణాలలో. అట్టి చోటనుండియే భారతదేశపు స్త్రీల చరిత్రములను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను కూర్చిరి. అది 1901లో వెలువడినది. ఆమె గతించిన పిమ్మట తమ్ముడు ‘ఆంధ్ర విజ్ఞానసర్వస్వము’నకు పూనుకొని, ఆ పనితోనే నేటికిని స్మరింపబడుచున్నారు. తెలుగున విజ్ఞానసర్వస్వముల కథ చెప్పువారు తమ్మునితో మొదలుపెట్టుదురు. అక్కతో మొదలుపెట్టినవారిని నేనెఱుగను. ఆమె ఒంటిచేతి పనిని గీటురాయిగా నుంచుకొని, నేడు వేలమంది జీతము లేక చేయుచున్న వికీపీడియాను పరిశీలింపదలచితిని.

వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లమున ఆరంభమైనది. తెలుగున 2003 డిసెంబరులో. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. తెలుగు వ్యాసములు లక్ష దాటినవి. ప్రభుత్వ ధనముగాని, జమీందారుల పోషణముగాని లేక ఇంత పని జరుగుట మన భాషలో మునుపు లేదు. తలుపు తీసియున్న మాట నిజమే. లోపలికి వచ్చినవారెవరు? 2008లో జరిపిన సర్వేలో వ్రాయువారిలో స్త్రీలు నూటికి 13 మందికి మించలేదని తేలినది. 2015 నాటికి దీనిని 25కు చేర్పవలెనని 2011లో నిర్వాహక సంస్థ సంకల్పించినది, చేర్పలేకపోయినది. 2015లోనే కొందఱు ‘విమెన్ ఇన్ రెడ్’ అను ఉద్యమమును లేవదీసిరి. వ్యాసము లేని పేరు ఎఱ్ఱని అక్షరములలో కనబడునుగాన ఆ పేరు. అప్పటికి ఆంగ్ల జీవితచరిత్రలలో స్త్రీలవి నూటికి పదునైదు, పదునాఱు. నేడు ఇంచుమించు ఇరువది. పదేండ్ల శ్రమకు అయిదు పాళ్లు.

ఇంత శ్రమకు ఫలము ఇంతేయగుట కేల? 2018లో డొనా స్ట్రిక్‌లాండ్ అను కెనడా భౌతికశాస్త్రజ్ఞురాలిపై ఎవరో వ్యాసము వ్రాసి సమర్పించిరి. ఆమె ప్రాముఖ్యమును నిరూపించు ముద్రిత మూలములు చాలవని అది త్రోసివేయబడినది. అక్టోబరు 2న ఆమెకు నోబెల్ పురస్కారము ప్రకటింపబడినది. ఆమెతో పురస్కారమును పంచుకొన్న గెరార్ మూరూగారికి అప్పటికే వ్యాసమున్నది. త్రోసివేసినవారిని స్త్రీద్వేషులనుట తొందరపాటు. వారు నియమమును పాటించిరి. పత్రికలు, పుస్తకములు ఆమెను గూర్చి వ్రాసియుండలేదు. వికీపీడియా ఆ మౌనమును యథాతథముగా ఎత్తి వ్రాసికొన్నది.

అట్లని నియమమును తీసివేయవలెనందునా? అనను. మూలము చూపనిదే మాట చెల్లదను కట్టుబాటు లేకున్న, ప్రతి కులసంఘమును తన వంశమును చంద్రసూర్యుల వఱకు ప్రాకించును. దూరదేశములలో స్థిరపడిన మనవారికి ఈ మోజు మఱికొంచెము హెచ్చు. నియమము మంచిదే. అది నిలుచుటకు ఆధారమైన ముద్రణప్రపంచము ఒక ప్రక్కకు ఒఱిగియున్నది.

ముద్దుపళని కథయే దీనికి సాక్ష్యము. తంజావూరి మహారాష్ట్ర ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానమున నున్న ఆమె, తమిళదేశమున తెలుగున ‘రాధికా సాంత్వనము’ రచించెను. ఆమె కవిత్వముపై ‘ఆంధ్రకవుల చరిత్రము’న వీరేశలింగముగారి తీర్పు కఠినముగా నున్నది. మైసూరు సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు అచ్చుప్రతిని చూచి, అది కత్తిరింపులకు లోనైనదని కనుగొని, వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని సరిపోల్చి, 1910లో సమగ్ర ప్రతిని అచ్చొత్తించిరి. 1911లో ప్రభుత్వము దానిని నిషేధించినది. స్వాతంత్ర్యము వచ్చు తరుణమునగాని ఆ నిషేధము తొలగలేదు. 1912లో వికీపీడియా యుండినచో ఏమి వ్రాసియుండును? ప్రామాణిక గ్రంథమున కవయిత్రికి దోషము. ప్రభుత్వ దస్త్రమున పుస్తకమునకు నిషేధము. రెండును గట్టి మూలములే! నాగరత్నమ్మగారు చేసినది స్వంత పరిశోధన. వికీపీడియాలో అది నిషిద్ధము. నిషిద్ధమగుట న్యాయమే, కాని ఆ పరిశోధనను బయట ఎవరో ఒకరు చేసి, అచ్చువేసి, అందుబాటున నుంచవలెను.

ఇక తెలుగు వికీపీడియా విషయము. అందలి కొన్ని మాటలు ముచ్చటగొలుపును. చిన్న వ్యాసమును ‘మొలక’ యందురు. వ్రాయువానిని, వ్రాయునామెను గూడ ‘వాడుకరి’ యందురు. ఆడ మగ భేదము లేని చక్కని మాట. కాని అందఱును కూడి చర్చించు తావునకు ‘రచ్చబండ’యని పేరు పెట్టిరి. పల్లెలలో రచ్చబండపై కూర్చుండినవారెవరో తెలిసినదే. నూతికడ, అరుగుమీద, పేరంటమున స్త్రీలు మాటాడుకొనిరి, రచ్చబండ నెక్కలేదు. పేరుతో పని చెడునని నేననను. ఆ పేరు పెట్టునప్పుడు ఈ సంగతి స్ఫురింపకపోవుట మాత్రము గమనింపదగినది.

దీనికన్న లోతైనది వ్యాకరణము. వ్యక్తులను గౌరవ బహువచనమున గాక ఏకవచనముననే పేర్కొనవలెనని అక్కడి శైలి నియమము. నిష్పక్షపాతమునకై యేర్పడినది, ఆంగ్లమున దీనివలన చిక్కు లేదు. తెలుగున నున్నది. స్త్రీవాచకములు మనకు ఏకవచనమున అమహత్తులవలెను, బహువచనమున మహత్తులవలెను ప్రవర్తించును. ‘అతడు వచ్చినాడు’, ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’. బహువచనమున స్త్రీపురుషులిరువురును ‘వచ్చినారు’. అనగా గౌరవ బహువచనమును తొలగించినచో పురుషుడు మనుష్యుడుగనే మిగులును. స్త్రీ పశువులతోడి క్రియారూపమునకు దిగును. తమిళ కన్నడములు నిత్యము వినుచుండు మన పాఠకులకు ఇది వెంటనే తట్టును: అక్కడ స్త్రీకి ‘వందాళ్’, ‘బందళు’ అని ప్రత్యేక రూపములు కలవు. అందఱకు సమానమైన నియమము తెలుగున సమానముగా పనిచేయలేదు. మనుష్యులందఱకు బహువచనమే వాడినచో కలుగు నష్టమేమో చర్చింపదగును.

భాషల వైవిధ్యమునకు వచ్చినను ఇట్టి లెక్కయే. మూడువందలకు పైబడిన భాషలలో వికీపీడియా యున్నదని గర్వింతుము. ఆ లెక్కలో తెలుగు ఒకటి. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలు దాటిరి. కర్ణాటకమున 35 లక్షలు. వీరిలో ఇంట తెలుగు మాటాడుచు లిపి నెఱుగనివారు పెక్కుమంది. తమిళనాట 2006 నాటి చట్టము బడులలో తమిళమును తప్పనిసరి చేసిన పిమ్మట వీరి సంఖ్య పెరుగుట సహజము. మీటలు నొక్కి వ్యాసము వ్రాయుట వీరికి సాధ్యము కాదు. ఈ యిండ్లలో నుడిని కాపాడినవారు ముఖ్యముగా స్త్రీలు: వంటింటి మాటలు, జోలలు, చుట్టఱికపు పిలుపులు వారి నోట నిలిచినవి. కోవిల్పట్టి ప్రాంతపు కి. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగు. ‘గోపల్ల గ్రామం’ వ్రాసినది తమిళమున. తెలుగువారు నల్లరేగడి నేలకు వలసవచ్చిన వృత్తాంతమును అందు చెప్పునది ఒక పండు ముదుసలి అవ్వ. అవ్వ జ్ఞాపకము తమిళ సాహిత్యమునకు సొత్తైనది; తెలుగున అది మూలముగా చెల్లవలెనన్న తమిళ పుస్తకమును ఉదాహరింపవలెను.

ఏటా ఫిబ్రవరి, మార్చి మాసములలో ‘ఫెమినిజం అండ్ ఫోక్‌లోర్’ అను పోటీ జరుగును. ఉద్దేశము ఉత్తమము. కాని ఇన్ని పదములు, ఇన్ని వ్యాసములను లెక్కకు బహుమతి యున్నప్పుడు, ఆంగ్లమునుండి ఎత్తి వ్రాయుట సులభము. హోసూరు పల్లెలో గొబ్బిపాట విని వ్రాయుట కష్టము, వ్రాసినను మూలము లేదని పోవును. అందుచేత ఐరోపా చిత్రకర్త్రి మనకు ‘మొలక’గానైన దొరకుచున్నది, కృష్ణగిరి మంత్రసాని దొరకదు. 2011లో అచల్ ప్రభల గారు ‘పీపుల్ ఆర్ నాలెడ్జ్’ అను ప్రయత్నమున హిందీ, మలయాళ, సెపెడీ భాషలవారి మాటలను ధ్వనిముద్రణము చేసి మూలములుగా చూపిరి. ఆ పద్ధతి సర్వాంగీకృతము కాలేదు. విక్షనరీలో మాండలిక పదమునకు, ఉచ్చారణకు చోటున్నది గనుక ఆ పని అక్కడ తక్షణమే మొదలుపెట్టవచ్చును. మనుమరాలు ముద్రించి పెట్టగా అవ్వ పలుకవచ్చును. లిపి రానవసరము లేదు.

మిగిలినది అచ్చు. ఇట్టి సంచికలలోని పరిశోధన వ్యాసము వికీపీడియా కోరు మూలముగా నిలువదగినదే. కాని మన సంఘముల పాత సంచికలను తిరుగవేసినచో అధ్యక్షుల చిత్రములు, సన్మానపత్రములు పుటలకొలది యుండును. స్త్రీలు ‘ఆతిథ్యమునకు కృతజ్ఞతలు’ అను పంక్తిలో, పేర్లు లేక, ఫలానివారి సతీమణులుగా నుందురు. కొన్నింటికి ప్రచురణ సంవత్సరమైనను లేదు, పుటసంఖ్యలు సరిగా లేవు. అట్టి దానిని ఉదాహరించుటకు రేపటి వాడుకరికి దారి లేదు.