చెయ్యి ఎప్పుడు తియ్యాలి

పిల్లల ఫిజియోథెరపీ అనగానే చాలామందికి తోచే బొమ్మ ఒకటే. బల్ల మీద ఏడుస్తున్న బిడ్డ, కాళ్ళు పట్టుకుని సాగదీస్తున్న మనిషి, పక్కన కొంగుతో కళ్ళొత్తుకుంటున్న తల్లి. మా దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళు కూడా దానికే సిద్ధపడి వస్తారు. రాగానే బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, లాగూ విప్పి, "చెయ్యండి మేడమ్" అంటారు. నేను ఆ బిడ్డను కిందకి దించి, చాప మీద కూర్చోబెట్టి, గిలక్కాయ ఒకటి అందీ అందనంత దూరంలో పెట్టి ఊరుకుంటానా, వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. పనులు మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చింది ఇందుకా అన్నట్టు. కొందరు పైకే అనేస్తారు: "మీరేం చెయ్యట్లేదేంటండీ?"

అడగాల్సిన ప్రశ్నే. ఈ వారం దాని గురించే.

మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమందిది సెరిబ్రల్ పాల్సీ. మెదడు ఇంకా ఎదుగుతుండగానే, కడుపులోనో కాన్పులోనో పుట్టిన తొలి నెలల్లోనో, దానికి దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ మానదు, ముదరదు. కానీ బిడ్డ ఎదుగుతుంది కాబట్టి ఇబ్బంది వేషం మారుస్తూ ఉంటుంది. ఏడాది వయసులో మెడ నిలవకపోవడం, మూడేళ్ళకు కాళ్ళు కత్తెరలా పెనవేసుకోవడం, పన్నెండేళ్ళకు మోకాళ్ళు వంగిపోవడం, అన్నిటి మూలం ఆ పాత దెబ్బే. ప్రపంచం మొత్తమ్మీద వెయ్యి జననాలకు ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా.

కేసు షీటు తెరిస్తే తల్లులు చెప్పే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "పుట్టగానే ఏడవలేదండి." 1861లో లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే ఎముకల వైద్యుడు చెప్పిందీ ఇదే, కష్టమైన కాన్పులకూ ఈ బిగుసుకుపోయిన కాళ్ళకూ సంబంధం ఉందని. తర్వాత 1897లో మరొకాయన అడ్డం తిరిగాడు: కాన్పు కష్టమవడానికి కడుపులో అప్పటికే ఉన్న లోపం కారణం కాకూడదా అని. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్. అవును, ఆ ఫ్రాయిడే. కలల జోలికి పోకముందు ఆయన పిల్లల నరాల వైద్యం మీద చాలా రాశాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మన ఊళ్ళలో ఊపిరందని కాన్పులూ, నెలలు నిండని పుట్టుకలూ, సమయానికి వైద్యం అందని పచ్చకామెర్లూ ఇప్పటికీ పెద్ద కారణాలే. అయినా ప్రతి బిడ్డ విషయంలో కాన్పుగది మీదో, ఆ తల్లి మీదో నెపం వెయ్యలేం. కోడలు ఏడో నెలలో ప్రయాణం చేసిందనీ, ఉపవాసాలు ఉందనీ సాధించే అత్తగార్లకు నేను ఫ్రాయిడ్ పేరెత్తను గానీ ఆయన వాదన మాత్రం వినిపిస్తుంటాను.

తెలుగిళ్ళలో పిల్లల ఎదుగుదల లెక్క వంటింట్లోనే ఉండేది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఏ బిడ్డకు ఏ పిండివంట ఎప్పుడు చేశారో అమ్మమ్మలకు గుర్తుండేది. అందుకే తేడాను కూడా చాలా ఇళ్ళలో ముందు పసిగట్టేది ముసలివాళ్ళే. "దీని అన్నకి ఈ పాటికి గారెలు కూడా అయిపోయాయి" అని ఒక మామ్మగారు అంటే నేను ఏ స్కోరు పట్టికకీ ఇవ్వనంత విలువ ఆ మాటకి ఇస్తాను. చిక్కల్లా ఆ తర్వాతే. "మగపిల్లలకి ఆలస్యమేలే", "వాళ్ళ నాన్న కూడా రెండేళ్ళకి నడిచాడు" అంటూ ఏడాది గడిపేస్తారు. అనుభవమున్న చేతుల్లో, సరైన పరీక్షలతో, ఇప్పుడు ఆరు నెలల లోపే చాలామందిలో దీన్ని గుర్తించవచ్చు. మెదడు కొత్త దారులు వెతుక్కునే శక్తి ఎక్కువగా ఉండేది కూడా ఆ వయసులోనే.

ఇక అసలు పని దగ్గరికి వస్తాను. ఇంట్లో అమ్మమ్మ కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద వేసుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, కాళ్ళూ చేతులూ ఎదురు బదురుగా లాగి నీళ్ళు పోసిన దేశం మనది. కాబట్టి "నరాలు బిగుసుకున్నాయి, సాగదీస్తే వదులుతాయి" అనే ఆలోచన మనకు సహజం. వైద్యం కూడా చాలాకాలం దాదాపు అదే దారిలో నడిచింది. బెర్లిన్ నుంచి లండన్ పారిపోయి వచ్చిన వ్యాయామ శిక్షకురాలు బెర్తా బోబాత్, 1940లలో తన డాక్టరు భర్త కారెల్‌తో కలిసి ఒక పద్ధతి రూపొందించింది. చికిత్స చేసేవారి చేతులే బిడ్డ శరీరాన్ని సరైన భంగిమల్లోకి తెచ్చి, బిగుతును అణచాలి. ఆ దంపతులే దాన్ని మార్చుకుంటూ వచ్చారు. మా తరం వరకూ ఆ పేరు చెప్పందే చదువు పూర్తయ్యేది కాదు. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసి, చికిత్సలకు ట్రాఫిక్ లైట్ల రంగులు వేసింది. పాత పద్ధతికి ఎరుపు పడింది. పచ్చదీపం దక్కినవాటిలో బిడ్డకు అవసరమైన పనినే లక్ష్యంగా పెట్టుకుని చేయించే సాధన, ఇంట్లో సాగే సాధన, బాగున్న చేతికి తొడుగేసి బద్ధకించే చేతితో పని చేయించడం ఉన్నాయి. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే: కదలాల్సింది బిడ్డ.

చెప్పడం తేలిక. చెయ్యడం ఎలా ఉంటుందో ఒక్క పని తీసుకుని చెబుతాను: పీట మీద నుంచి లేచి నిలబడటం.

బిగుతు కాళ్ళున్న నాలుగేళ్ళ బిడ్డను చేతులు పట్టుకుని పైకి లాగండి. టక్కున లేస్తాడు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. కానీ కిందకి చూడండి: కాళ్ళు కర్రల్లా బిగుసుకుని, మడమలు గాలిలో లేచి, మునివేళ్ళ మీద ఉంటాడు. అది నిలబడటం కాదు, మన చేతులకు వేలాడటం. లేవడానికి వాడు నేర్చుకోవాల్సింది ముందుకు వంగడం. మీరే ఓసారి కుర్చీలోంచి మెల్లగా లేచి చూసుకోండి. పాదాలు మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి వస్తాయి, ఒళ్ళు ముందుకు వాలుతుంది, ముక్కు కాలివేళ్ళ పైకి వచ్చాకే పిరుదులు లేస్తాయి. ఈ పిల్లల ఒళ్ళు సరిగ్గా ఆ సమయంలోనే వెనక్కి విరుచుకుంటుంది. అందుకే బొమ్మను తల పైన ఊపి "లే నాన్నా లే" అనడం వాళ్ళకు చెరుపు. తల ఎత్తగానే నడుమంతా వెనక్కి పోతుంది. బొమ్మ ముందుండాలి, కిందుండాలి. మోకాలి ఎత్తులో ఉన్న ముక్కాలిపీట మీద పెడతాను. మొదట్లో ఎత్తైన పీట మీద కూర్చోబెడతాను, అప్పుడు లేవడం సులువు. నెలలు గడిచేకొద్దీ పీట ఎత్తు తగ్గుతుంది. మా ఊరి వడ్రంగికి ఇప్పుడు నేను కొలతలు చెప్పక్కర్లేదు, "ఏ వయసండీ?" అని తనే అడుగుతాడు.

నా చెయ్యి ఉండేది వాడి మోకాలి మీద, మడమ నేలకు ఆనేలా కిందకి నొక్కుతూ. రెండో చెయ్యి నడుము దగ్గర, అంటీ అంటనట్టు. ఇక ఎదురుచూడటమే. ఈ ఎదురుచూపే కొత్తగా చేరిన ఫిజియోలకు నేను నేర్పలేకపోతున్న విద్య. బిడ్డ వంగుతాడు, వెనక్కి విరుచుకుంటాడు, నవ్వుతాడు, పీట గోకుతాడు, మళ్ళీ వంగుతాడు. మెదడు నుంచి కాలికి మాట చేరడానికి వాడికి మనకన్నా చాలా ఎక్కువ సేపు పడుతుంది. ఆ వ్యవధిలో మనం చెయ్యి వేసి లేపేశామా, ఆ ప్రయత్నం మనదైపోయింది. సైకిలు నేర్పేవాడు వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతూ ఒక చోట వదిలేస్తాడు చూడండి, ముందే వదిలితే దెబ్బలు, వదలకపోతే సైకిలు రాదు. చెయ్యి ఎప్పుడు తియ్యాలన్నది ఏ పుస్తకంలోనూ నిమిషాల్లో రాసి లేదు. వేళ్ళ కింద వాడి కండ బిగిసే తీరు మారుతుంది, దాన్నిబట్టి తెలుస్తుంది. "మీరేం చెయ్యట్లేదేంటండీ" అని అడిగే తల్లికి నేను ఆమె చెయ్యి తీసి వాడి నడుము మీద పెట్టి చూపిస్తాను. మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు.

వారానికి 168 గంటలు. అందులో నా దగ్గర వాడుండేది ఒకటో రెండో. మిగతా వేళంతా ఇల్లే. అలాగని తల్లి చేతికి ఇరవై వ్యాయామాల కాగితం ఇచ్చి పంపడం నాకు నచ్చదు. వంట, నీళ్ళు, కూలి, ఇంకో బిడ్డ, వీటి మధ్య ఆమె ఆ కాగితాన్ని ఏం చేసుకుంటుంది? చెయ్యలేకపోయానన్న దిగులు అదనం. రోజూ ఎలాగూ చేసే పనుల్లోనే సాధనను దాచాలి. చొక్కా వేసేటప్పుడు బిగిసిన చేతికి ముందు తొడగడం. అన్నం పెట్టేటప్పుడు గది మూలలో రెండు గోడల మధ్య కూర్చోబెట్టడం, భుజాలు ముందుకొచ్చి చేతులు కలుస్తాయి. పాత చీరలు గట్టిగా చుట్టి కుట్టిన దిండు మీద బోర్లా వేసి ఆడించడం. ఎత్తుకోవడంలో మాత్రం మనవాళ్ళకు కొత్తగా నేర్పాల్సింది లేదు: చంకనేసుకుంటే కాళ్ళు రెండూ విడివడి నడుముకు చెరో పక్కా ఉంటాయి, కత్తెర కాళ్ళ బిడ్డకు అంతకన్నా మంచి భంగిమ ఉండదు. డేవిడ్ వెర్నర్ మెక్సికో పల్లెల అనుభవంతో 1987లో రాసిన 'డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్' నిండా ఇలాంటి ఉపాయాలే, బొమ్మలతో సహా. ఇంటికి తెచ్చిన వస్తువుల్లో నేను తప్పకుండా తీయించేది గుండ్రటి ప్లాస్టిక్ వాకర్. బిడ్డ అందులో వేలాడుతూ మునివేళ్ళతో తోసుకోవడమే నేర్చుకుంటాడు. మామూలు పిల్లలకే ప్రమాదమని కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. చెక్క నడకబండి ఉంటే, కాస్త బరువు వేసి ఇస్తే అది చాలు.

"నడుస్తాడా?" అన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది. తండ్రులైతే అదొక్కటే అడుగుతారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1997లో ఐదు మెట్ల వర్గీకరణ ఒకటి చేశారు. ఒకటో మెట్టు పిల్లలు పరిగెత్తుతారు, మూడో మెట్టువాళ్ళు ఏదో ఒక ఊతంతో నడుస్తారు, ఐదో మెట్టువాళ్ళకు మెడ నిలపడమే పని. రెండేళ్ళలోపు సొంతంగా కూర్చోగలిగిన బిడ్డ నడిచే అవకాశాలు మెరుగు. ఐదేళ్ళు వచ్చేసరికి పెద్ద కదలికల్లో తాను చేరగలిగిన స్థాయికి తొంభై శాతం దగ్గరికి బిడ్డ చేరిపోతాడు, తీవ్రత ఎక్కువైతే ఇంకా ముందే. ఈ సంగతులు తెలిసి కూడా "ఆరు నెలల్లో నడిపిస్తాం" అని బోర్డులు పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నడవలేని బిడ్డకు ఫిజియో అక్కర్లేదనుకోవడం అంతకన్నా పొరపాటు. ఐదో మెట్టు పిల్లల్లో దాదాపు తొంభై శాతం మందికి తుంటి ఎముక గుంటలోంచి పక్కకు జరిగే ప్రమాదముందని ఆస్ట్రేలియా అధ్యయనం 2006లో తేల్చింది. ముందు చప్పుడు చెయ్యకుండా జరుగుతుంది, నొప్పి తర్వాత మొదలవుతుంది. ఎక్స్‌రే తీసి చూసుకుంటూ ఉండాలి, కూర్చోబెట్టే తీరు సరిచూడాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మాలిని చిబ్ చక్రాల కుర్చీలోనే రెండు మాస్టర్స్ డిగ్రీలు చదివి, ఒక్క వేలితో టైపు చేస్తూ తన జీవితకథ రాశారు. ఆమె తల్లి మిథు అలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను మొదలుపెట్టారు. టైపు చేసే ఆ వేలికి పని చెప్పాలంటే ముందు వెన్ను నిటారుగా నిలవాలి. అదీ మా పనే.

ప్రభుత్వం వైపు నుంచి ఏమీ లేదనలేను. అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్ళి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సదరం శిబిరంలో వైకల్య శాతం వేసి సర్టిఫికెట్ ఇస్తారు. దాని కోసం తల్లిదండ్రులు పడే తిప్పలు వేరే వారం రాయాల్సినంత ఉన్నాయి. కానీ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ళకు ఆగిపోతుంది. కండరాల బిగుతు ఆగదు.

ఆ వయసు దాటిన కుర్రాడొకడు ఇప్పటికీ మా పిల్లల గదికే వస్తాడు. ఎడమ పక్క చెయ్యీ కాలూ బిగుతు. డిగ్రీలో చేరాడు. ఈసారి వచ్చి, కాళ్ళ సంగతి ఎత్తకుండా, "మేడమ్, ఆర్టీసీ బస్సు ఎక్కడం నేర్పండి, రోజూ ఆటోకి ఇవ్వలేకపోతున్నా" అన్నాడు. మాకింతకన్నా స్పష్టమైన లక్ష్యం ఎవరిస్తారు? డిపోకి వెళ్ళి మొదటి మెట్టు ఎత్తు కొలిచి వచ్చాం, వడ్రంగి అదే ఎత్తులో పెట్టె చేసిచ్చాడు. ఎక్కేటప్పుడు కుడిచేతికి రాడ్డు దొరుకుతుంది, బాగున్న కాలు ముందు వేస్తాడు, ఆ సాధన బాగానే సాగుతోంది. దిగేటప్పుడు మనిషి ఇటు తిరుగుతాడు కాబట్టి అదే రాడ్డు పనిచెయ్యని చేతివైపుకు వస్తుంది. అవతలి రాడ్డు దగ్గర ఎక్కేవాళ్ళు తోసుకొస్తుంటారు. వెనక్కి తిరిగి, లోపలికి ముఖం పెట్టి దిగమన్నాను. దిగగలడు, కాకపోతే టైమెక్కువ పడుతుంది. కండక్టరు "రైట్ రైట్" అనేలోపు రెండు కాళ్ళూ నేల మీద పడాలి, ఇప్పుడు చేస్తున్న సాధనంతా దానికే.