‘ఉద్ధరించు’ అను క్రియ

నేఁటి పత్రికలలోను సభలలోను మిక్కిలి శ్రమపడు క్రియలలో ‘ఉద్ధరించు’ ఒకటి. గ్రామము నుద్ధరింతుము, చేనేత నుద్ధరింతుము, స్త్రీజనము నుద్ధరింతుము. శిథిలాలయమును, పూడిన చెఱువును, మఱుగుపడిన కళను ‘పునరుద్ధరింతుము’. ఇంతగా వాడఁబడు పదమునకు అర్థ మేమో, ఆ యర్థము మనము తలపెట్టిన పనికి సరిపోవునో లేదో విచారించుట చాదస్తము కాదు.

ముందు వర్ణక్రమము. ‘ఉద్’ అను నుపసర్గముతో ‘హృ’ ధాతువు చేరఁగా హకారము ధకారమైనది. కావున ‘ఉద్దరించు’, ‘పునరుద్దరణ’ అని వ్రాయుట తప్పు. ఈ తప్పు శిలాఫలకముల మీఁదికిఁ గూడ నెక్కినది. కాగితము మీఁది తప్పును దిద్దవచ్చును గాని రాతి మీఁది తప్పును దిద్దుట కెవరు పూనుకొందురు?

ఇఁక నర్థము. పైకి తీయుట. సంధ్యావందనము చేయు ఇండ్లలోని యుద్ధరిణె యిందులకు సాక్షి. పంచపాత్రలోని నీటిని పైకి తీయును గనుకనే దాని కాపేరు. నూతఁబడినవానిని లాగుట, గ్రంథమునుండి వాక్యమును తీసి చూపుట, దిగఁబడిన ములుకును బెఱికివేయుట, ఇవన్నియు సంస్కృతమున నుద్ధరణములే. ‘బ్రదికించుట’ యను భావము ధాతువులో లేదు. పైకి వచ్చినది నిలుచునో, యెండిపోవునో క్రియ చెప్పదు.

గుంటూరు సీమయందే యిందులకు నిదర్శనము గలదు. అమరావతి స్తూపమును కాలిన్ మెకంజీ 1797లో చూచెను. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయని నూతన పట్టణమునకై అచ్చటి యిటుకలు, రాళ్లు తరలుచుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మొదట చెన్నపట్టణమునకును, పిమ్మట వానిలోఁ బెక్కు 1859లో లండనునకును చేరెను. చలువరాతి పలకలు పైకి వచ్చినవి. స్తూపము మాత్రము దిబ్బగా మిగిలెను. ధాత్వర్థము అక్షరాల నెఱవేఱిన దనవచ్చును! నాగార్జునకొండ కథ వేఱు. జలాశయమున మునుఁగఁబోవు లోయను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండమీఁదికిని, అనుపునకును ఎత్తి తెచ్చి, మరల నిలిపిరి. దీనికిఁ ‘బునరుద్ధరణ’ యను పేరు చెల్లును. ఏలన రాతికిఁ దనంత లేచు శక్తి లేదు.

పైరున కా శక్తి కలదు. ఆ సాగరపు నీరే 1967 నుండి కుడికాలువ వెంబడి పల్నాటికిని, ఒంగోలు వైపునకును సాగెను. ‘మెట్టసీమ నుద్ధరించిన కాలువ’ యని మనము వ్రాయుదుము. పొలములోని తెలుఁగు మాత్రము మఱియొక తీరున నడచును. మధ్యాహ్నపు టెండకు వాడిన మిరపమొక్క చల్లపొద్దున ‘తేఱుకొన్నది’. పదునైన వానకుఁ బత్తిచేను ‘పుంజుకొన్నది’. 2021-22లో నల్లతామర పురుగు గుంటూరు ప్రాంతపు మిరపతోటలను పాడుచేసినప్పుడు పుట్టిన ప్రశ్న ‘తోట కోలుకొనునా?’ అనియే గాని, ‘తోట నెవ రుద్ధరింతురు?’ అని కాదు. ఈ వాక్యము లన్నింట మొక్కయే కర్త. నీరు పెట్టినవాఁడును, మందు చల్లినవాఁడును ప్రక్కన నిలుచుందురు. మూఁడు క్రియల చివరను ‘కొను’ ఉండుటయుఁ గమనింపఁదగినది. పని చేసినవారికే ఫలము చెందుటను అది తెలుపును.

‘ఉద్ధరించు’ అన్నచో వాక్యమున నిద్దఱుందురు: పైన నిలిచినవాఁడు కర్త, క్రిందఁ బడినవాఁడు కర్మ. లాగఁబడువాని కా వాక్యమునఁ జేయవలసిన పని లేదు. భగవద్గీత యాఱవ యధ్యాయమున నీ ధాతువే వచ్చినను అచ్చట నుద్ధరించునదియు నుద్ధరింపఁబడునదియు ఒక్క యాత్మయే యగుట విశేషము. ఆ కట్టుబాటును మనము విడిచితిమి, ఇంటియాఁడువారు విడువలేదు. ‘చాల నుద్ధరించితివిలే!’ ‘ఊరి నుద్ధరింప బయలుదేఱినాఁడు!’ అని వారను మాటలలోని యెత్తిపొడుపును వినినవారికి, ఉద్ధారకులను గూర్చి తెలుఁగు జాతి యేర్పఱచుకొన్న యభిప్రాయము తెలియును. ‘తేఱుకొను’ అను మాట కిట్టి వెక్కిరింత యంటలేదు. ఆ యింటనే మగబిడ్డ పుట్టిన ‘వంశోద్ధారకుఁడు’ అందురు. ఆఁడుబిడ్డ కీ బిరుదము లేదు. బిరుదము పొందిన పసివాఁడు చేయఁబోవు ఘనకార్య మేమో యెవరును అడుగరు.

సంఘసంస్కారమున నీ వ్యాకరణము మఱింత చిక్కు తెచ్చును. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముఁడు ఆంధ్రదేశమున హరిజనయాత్ర చేసిన కాలమున ‘హరిజనోద్ధరణ’ మనునది మంచి మనస్సుతోఁ బలుకఁబడిన మాటయే. అయినను అందులో హరిజనుఁడు కర్మపదము. 1895లో వినుకొండలోఁ బుట్టిన గుఱ్ఱము జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలము’న నా పేదవాఁడు మాటలాడును, తన గోడును దానే చెప్పి, కాశీవిశ్వేశ్వరుని కడకు దూతను బంపును. ఉద్ధారకుని కొఱకుఁ జూచుచుఁ గూర్చున్నవాఁడు కాఁడు.

నూతఁబడినవానికి ముందు త్రాడు వేయవలదా యని కొంద ఱడుగుదురు. వేయవలయును. కాని చీరాల నేఁతగాఁడు నూతఁబడలేదు. మగ్గము ముందు గూర్చున్నాఁడు. నూలు ధర యందుబాటులో నుండవలెననియు, నేసిన బట్ట అమ్ముడుపోవలెననియు కోరుచున్నాఁడు. ఇట్టిచోట ‘తోడ్పడు’ అను తెలుఁగు క్రియ చాలును. తోడు పడువాఁడు ప్రక్కన నుండును, పైన నుండఁడు. ‘పునః’ అను దానినిఁ గూడఁ జూచి వాడవలెను. స్త్రీల కెన్నఁడును లేని హక్కును ‘పునరుద్ధరింతు’ మనుట యెట్లు?

1922లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదానికేతనమును స్థాపించిరి. దానిని స్త్రీజనోద్ధరణ మని వర్ణించుట మనకు సులభము. కాని యచ్చటఁ జేరిన బాలికను గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు మనము ‘చదువుకొనెను’ అందుము. అందులోను ‘కొను’ ఉన్నది.