దెయ్యం కనబడాలా?

నేను మొదటిసారి ‘రాత్రి’ చూసింది యలమంచిలిలో, అమ్మమ్మ వాళ్ళింట్లో, టీవీలో. సినిమా సగంలో కరెంటు పోయింది. రేవతి ఏమైందో తెలీకుండానే పడుకున్నాం. ఎక్కడో రైలు కూత. ఆ చీకట్లో నేను ఊహించుకున్న దెయ్యం తర్వాత ఏ సినిమాలోనూ కనబడలేదు.

అందుకే చాలాకాలం నాది ఒకటే మాట: మంచి హారర్ సినిమా దెయ్యాన్ని చూపించకూడదు. ఈ వాదనకి అందరూ తెచ్చే ఉదాహరణ ‘నైట్ ఆఫ్ ది డీమన్’ (1957). దర్శకుడు జాక్ టూర్నర్ భయాన్ని నీడల్లోనే ఉంచాలనుకున్నాడు. నిర్మాత పట్టుబట్టి రాక్షసుణ్ణి తెరమీదకి తెచ్చాడు, అదీ సినిమా మొదట్లోనే. కథానాయకుడు ఇలాంటివి నమ్మని సైకాలజిస్టు. అతను ఇంకా అనుమానపడుతూనే ఉంటాడు, మనకి మాత్రం జవాబు ముందే తెలిసిపోయింది. అతనితో పాటు అనుమానపడే అవకాశం పోయింది.

మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే. ఎప్పుడొస్తుందో తెలీని బగ్ నిద్ర పట్టనివ్వదు. లాగ్‌లో లైన్ నంబరు కనబడిందా, ఇక అది ఉత్త పని.

‘రాత్రి’ (1992) తీసిన రామ్ గోపాల్ వర్మకి ఈ సంగతి తెలుసు. తేజ కెమెరా ఏదో ప్రాణి పాకుతున్నట్టు కదులుతుంది. మణిశర్మ నేపథ్య సంగీతం మన వీపు వెనక ఎవరో ఉన్నారనిపిస్తుంది. దెయ్యం ఎక్కువగా ఉండేది రేవతి ముఖంలోనే. మామూలు అమ్మాయి చూపు ఉన్నట్టుండి మారిపోతుంది. అది చాలు.

మరి ‘అరుంధతి’ (2009) సంగతేంటి? నా వాదన ఇక్కడే చిక్కుకుంది. కోడి రామకృష్ణ ఏదీ దాచలేదు. పశుపతి మేకప్‌తో, గ్రాఫిక్స్‌తో నిండుగా కనబడతాడు. అయినా హాల్లో మేం కుర్చీల్లో ముడుచుకునే కూర్చున్నాం. రవిశంకర్ డబ్బింగ్ గొంతు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, బతికుండగా పశుపతి ఏం చేశాడో సినిమా మనకి చూపించడం. అంధురాలైన నాట్యగురువుకి ఏం జరిగిందో తెలిశాక అతని ముఖం ఎన్నిసార్లు చూసినా అలవాటవదు. మనం భయపడేది ఆ ఆకారానికి కాదు, ఆ మనిషికి.

దీనికి పూర్తిగా తిరగబడ్డవి ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) హిట్టయ్యాక వరసపెట్టి వచ్చిన హారర్ కామెడీలు. వాటిలో దెయ్యం తెరమీద కావలసినంతసేపు ఉంటుంది, కమెడియన్లని కొడుతుంది, జనం నవ్వుతారు. ఆఖర్లో పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌లో ఆ అమ్మాయి ఎలా చచ్చిపోయిందో చెప్పి ఏడవమంటారు. అప్పటిదాకా ఆమెని చూసి నవ్వినవాళ్ళం, ఒక్కసారిగా ఎలా ఏడుస్తాం? అంతసేపు కనబడినా ఆమెని మనం చూడనే లేదు.

ఆ రాత్రి కరెంటు పోయాక అమ్మమ్మ అడిగింది: “ఇంతకీ దెయ్యమైందెవుర్రా? ఏటయ్యిందట?”

నాకేమో అదెలా ఉంటుందోనని భయం. ఆవిడకి అదెవరో కావాలి. చూపించాలా వద్దా అని ఇన్నేళ్ళు వాదించాను గానీ, అడగాల్సిన ప్రశ్న ఆవిడదే. దానికి జవాబున్న సినిమా దెయ్యాన్ని నిక్షేపంగా చూపించొచ్చు. జవాబు లేనిది ఎంత దాచినా, తలుపు చప్పుడుకి ఉలిక్కిపడతామంతే. ఇంటికెళ్ళేసరికి మర్చిపోతాం.