ముందు సామాను, తర్వాతే హిచ్

వేసవి సెలవులు దగ్గరపడితే డాలస్‌లో మా స్నేహితుల మాటలన్నీ కొలరాడో ప్రయాణం చుట్టూనే తిరుగుతాయి. పికప్ ట్రక్కుకు ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. "అన్నా, ఏ స్వే కంట్రోల్ హిచ్ కొనమంటావ్?" అని అడుగుతారు. సామాను ఎక్కడెక్కడ సర్దావో ముందు చెప్పమంటాను.

ఎడ్లబండికి బరువెత్తిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు ఉరి పడుతుంది. మరీ ముందుకు సర్దితే మెడలు కుంగిపోతాయి. ట్రైలర్‌దీ అదే లెక్క: మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, ట్రక్కు వెనక దాన్ని తగిలించే హిచ్ బాల్ మీద పడాలి. 6,000 పౌండ్ల ట్రైలర్‌కైతే 600 నుంచి 900 పౌండ్లన్నమాట. అంతకన్నా తగ్గితే వెనక భాగం అటూ ఇటూ ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు అణగడం కష్టమవుతుంది.

అందుకే వెనక బంపర్‌కు సైకిళ్లు వేలాడదీస్తే నాకు మనసొప్పదు. ఇరుసులకు అంత దూరాన ఉన్న బరువు బాల్ మీది భారాన్ని తగ్గిస్తుంది, మొదలైన ఊపును తొందరగా ఆగనివ్వదు. నీళ్ల ట్యాంకు సంగతీ మరిచిపోతుంటారు. 40 గాలన్లంటే 330 పౌండ్ల పైమాటే! అది ఇరుసులకు ముందుందో వెనకుందో వంగి చూడాల్సిందే. ఘర్షణతో ఊపును అణిచే స్వే కంట్రోల్ సరిగ్గా సర్దిన బండికి అదనపు భద్రత. తప్పుగా సర్దినదానికి మందు మాత్రం కాదు.

ఇలాంటి హిచ్‌తో వచ్చే స్ప్రింగ్ బార్ల పని వేరు. బాల్ ట్రక్కు వెనక చక్రాలకు ఇంకా వెనకగా ఉంటుంది కాబట్టి, దాని మీద బరువు పడగానే ట్రక్కు వెనక కుంగి ముందు లేస్తుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్‌కు పట్టు తగ్గుతుంది. బార్లను బిగిస్తే కొంత బరువు ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ ఇరుసుల మీదికి మళ్లుతుంది. ఎంత బిగించాలన్నది కంటి అంచనాకు వదలకూడదు. టేపు పట్టుకుని ముందు చక్రం పైన ఫెండర్ అంచు ఎత్తు మూడుసార్లు కొలవాలి: ట్రైలర్ తగిలించకముందు, తగిలించాక, బార్లు బిగించాక. లేచిన ఎత్తులో ఎంత మళ్లీ దించాలో ట్రక్కు మాన్యువల్ చెబుతుంది. ఆపైన ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కిస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు, దేని బరువు దానికి విడిగా అచ్చయిన చీటీ ఇస్తారు. డ్రైవర్ తలుపు దగ్గరి పేలోడ్ స్టిక్కర్ కూడా చూసుకోవాలి. బాల్ మీది భారం, బండిలో మనుషులు, మూటలు అన్నీ ఆ పరిమితిలోకే వస్తాయి.

ఇంత చేసినా అమరిల్లో వైపు పక్కగాలి కొడుతుంది, పెద్ద లారీ దాటిపోతూ ట్రైలర్‌ను నెడుతుంది. ఊగడం మొదలైతే గ్యాస్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. కంగారులో ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినా పరిస్థితి చెయ్యిదాటుతుంది. బయల్దేరే ముందే ఖాళీ పార్కింగ్ లాట్‌లో, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా చెయ్యి ఆ మీట మీదికి వెళ్లేదాకా సాధన చేయండి. దారిలో వంతులవారీగా నడిపేవాళ్లుంటే ఇద్దరూ చేయాలి.