నలువది దాటిన కన్ను

కలకత్తా బౌబజారు సందులలో, ఇరుకు గదుల నేలమీద బాసిపట్లు వేసికొని, చిన్న పనిబల్లలపై వంగి, సన్నని బంగారు తీగెను పట్టుకారుతో వంచుచు, ఊదుగొట్టపు మంటతో అతుకు పెట్టుచుండు పనివాండ్రను చూచినపుడెల్ల, నా దృష్టి వారి చేతులకంటె ముందుగా కన్నులపైననే నిలుచును. జీవితమంతయు అచ్చు ప్రతులు దిద్దుటయందే గడపినవాడనగుటచే, కంటిని నమ్ముకొని బ్రదుకువారి సంకట మెట్టిదో నాకు కొంత తెలియును.

నలువదియవ యేడు దాటునప్పటికి కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గరి వస్తువునకు తగినట్లు ఉబ్బజాలకుండును. ఇదియే చత్వారము. ఇది రోగమును కాదు, చేసిన పనివలన దాపురించిన శిక్షయును కాదు. ఒక జత అద్దములతో తీరు లోటు. అస్సాము తేయాకు తోటలలో, ఈ వయస్సు దాటిన కూలీలలో కొందరికి అద్దములిచ్చి, కొందరికి ఈయక పరిశీలింపగా, అద్దములు గలవారి రోజుకోత తక్కినవారి కోతకంటె 5 కిలోల పైచిలుకు అధికముగా పెరిగినదని 2018లో వెల్లడియైనది. తేయాకు చిగురుకే ఇంత భేదమున్నచో, నగిషీపనికి వేరుగ చెప్పవలయునా?

అయితే మన పనివాడు ఆ అద్దములను కాలిబాటమీద కొనును. అక్షరములు కానవచ్చినవా, బేరము ముగిసినది. ఆ అద్దములు కంటికి కీడు చేయవు. నా ఫిర్యాదు వానిపై కాదు. అంతవరకు వైద్యుని గడప త్రొక్కని మనుష్యుడు, కంటి లోపలిభాగమును చూపించుకొనుటకు విధి కల్పించిన ఒకే ఒక అవకాశమును, ఆ చవుక బేరమువలన పోగొట్టుకొనుచున్నాడు.

ఏలయనగా, నీటికాసులు ఆరంభమగునది సామాన్యముగా ఈ వయస్సు దాటిన పిమ్మటనే. కంటిలోని ద్రవము చక్కగా బయటికి పోక, లోపలి యొత్తిడి హెచ్చి, చూపును మెదడునకు చేర్చు నరము క్రమముగా నశించును. చాలమందికి నొప్పి యుండదు, ఎఱుపుండదు. ముందుగా పోవునది ప్రక్కచూపు కాబట్టి, ఎదుటనున్న తీగెను చూచుకొను పనివానికి ఏమియు తెలియదు. లోపల చెదపట్టిన గుమ్మము పైకి చక్కగ నిలిచియుండునట్లు, నరము చాలవరకు పోయినను కన్ను బాగున్నట్లే తోచును. శుక్లము వచ్చినచో శస్త్రచికిత్సతో చూపు మరల వచ్చును. నీటికాసులలో పోయిన చూపు ఏ వైద్యునికిని తిరిగి తెచ్చుట సాధ్యము కాదు, మిగిలినదానిని చికిత్సతో నిలుపుకొనవలసినదే. ఒత్తిడి పాదరసపు కొలతలో 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకు సాధారణమందురు గాని, ఆ మేరలోనే యుండి నరము చెడినవారును కలరు. కావున ఒత్తిడిని కొలుచుటతోపాటు నరమును గూడ చూడవలయును.

ఇంకొక దురభ్యాసము. పొగకు కన్నెఱ్ఱబడినచో మందులకొట్టులో చుక్కలమందు అడిగి తెచ్చి, నెలల తరబడి వేసికొనుట. వానిలో స్టెరాయిడ్ గలవి ఎఱుపును చిటికెలో తగ్గించును, చాటుమాటుగా ఒత్తిడిని పెంచును, శుక్లమును గూడ తెచ్చును. మధుమేహము గలవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వారు పాప విప్పార్చు మందు వేయించుకొని, ఏటేట రెటీనాను చూపించుకొనవలసినదే.

ఈ ప్రసంగము వచ్చినపుడు వంగదేశపు మిత్రులు వినోద్ బిహారీ ముఖర్జీని తలచుకొందురు. శాంతినికేతనమున ఒక కంటి మందదృష్టితోనే గోడలు నిండ చిత్రించి, శస్త్రచికిత్స ఫలింపక పూర్తిగ అంధుడై, అటుపిమ్మటను కళను విడువని ఆ మహనీయునిపై సత్యజిత్ రాయ్ 1972లో చిత్రము తీసెను. నమస్కరింపదగిన జీవితము. కాని అట్టి ప్రతిభ రోజుకూలికి నగిషీ చేయువానికి ఓదార్పు కాజాలదు.

1835లో వెలసిన కలకత్తా మెడికల్ కాలేజీ ఆవరణలోనే ప్రాంతీయ నేత్రవైద్య సంస్థ యున్నది. బౌబజారునుండి నడచిపోదగినంత దూరము. చత్వారపు టద్దములకై ఈ యేడు బయలుదేరు పాఠకులారా, ఏ యూరనున్నను సరియే, అద్దములు ఎక్కడనైనను కొనుడు; అంతకుముందు ఒక వైద్యునిచేత ఒత్తిడి కొలిపించుకొని, నరము చూపించుకొనుడు. ఇంటిలో ఎవరికైన నీటికాసులున్నచో ఆ మాట ముందుగనే చెప్పుడు.