అనాసకు రాతినేల చుట్టం

అనాస అనగానే మనకు సీతంపేట ఏజెన్సీ కొండలు, సంతలో రాశులు పోసిన పళ్ళు గుర్తొస్తాయి. అదే కుటుంబంలో పండు కోసం ఎవరూ పెంచని మొక్క ఒకటుంది. పేరు డ్యూటెరోకోనియా బ్రెవిఫోలియా. బొలీవియా దక్షిణ భాగంలో, అర్జెంటీనా వాయవ్యంలో, ఆండీస్ పొడి వాలుల మీద రాళ్ళ సందుల్లో పెరుగుతుంది. పాత పుస్తకాల్లో అబ్రోమైటియెల్లా అని ఉంటుంది.

కుండీ మొక్కల్లో నాకు దీని మీద ఉన్నంత మమకారం మరి దేని మీదా లేదు. ఆకులు పొట్టివి, ముక్కోణంగా, దళసరిగా ఉంటాయి. ప్రతి ఆకు కొసనా ముల్లు. ఆకులన్నీ ఒక చిన్న గుత్తిగా అమరుతాయి. గుత్తి పక్కన పిలకలు పుడతాయి, వాటికి మళ్ళీ పిలకలు. అలా వందల గుత్తులు సందు లేకుండా ఒరుసుకుని, ఏడాది పొడవునా పచ్చగా ఉండే గట్టి దిబ్బ తయారవుతుంది. సొంత నేలలో అది మీటరు వెడల్పుకు కూడా సాగుతుంది. పైపైన చూస్తే మెత్తని దిండే, తాకితే మాత్రం ముళ్ళు.

ఆ ఒత్తిడిలోనే దాని బతుకుతెరువు ఉంది. గాలి దిబ్బ పైనుంచి జారిపోతుంది గానీ లోపలి తడిని లాక్కుపోలేదు. ఎండిన ఆకులు రాలిపోకుండా అడుగునే ఉండిపోతాయి. ఆకుల మీది సూక్ష్మరంధ్రాలు రాత్రి చల్లదనంలో తెరుచుకుని కార్బన్ డయాక్సైడును తీసుకుంటాయి. మొక్క దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని, ఆ నిల్వతోనే పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. అనాసదీ ఇదే పద్ధతి.

వాన పడితే చచ్చిపోతుందని కొందరు భయపడతారు. ఆ కొండల మీద కూడా వేసవిలో వానలు కురుస్తాయి. కాకపోతే రాతి వాలు మీద నీరు నిలవదు. కాబట్టి పెంచేవాళ్ళు దిగులు పడాల్సింది వాన గురించి కాదు, కుండీ అడుగు గురించి. నేను మట్టి తక్కువ, ముతక ఇసుక, గులకరాళ్ళు ఎక్కువ వేస్తాను. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మట్టికుండీ తీసుకుంటాను. నీళ్ళు పోసే ముందు కుండీని రెండు చేతులా ఎత్తి చూస్తాను. ఆకులు దాహాన్ని అంత త్వరగా బయటపెట్టవు, అందుకే బరువునే నమ్ముతాను. మన ముసురు రోజుల్లో మాత్రం చూరు కిందికి మారుస్తాను.

దిబ్బను ముక్కలు చేసి పంచమని అడుగుతుంటారు. పిలకలు నాటుకుంటాయి, నిజమే. కానీ ఇది చాలా మెల్లగా పెరిగే మొక్క. కోసిన చోట గుండ్రదనం మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. అంచున విడిగా వచ్చిన ఒకటి రెండు గుత్తులు ఇస్తాను తప్ప నడిమికి కత్తి పెట్టనివ్వను.

పూస్తుంది కూడా. గుత్తి నడుమ, కాడ లేకుండా, సన్నని గొట్టంలాంటి ఆకుపచ్చ పువ్వు. ఆకుల రంగులో కలిసిపోతుంది, వంగి వెతికితే గానీ కనబడదు.