అటకెక్కిన కేసును కిందికి దించే నవల

డిటెక్టివ్ నవలల్లో నాకు బాగా ఇష్టమైనవి పాత కేసు తిరగదోడేవి. మామూలు కథలో డిటెక్టివ్ వచ్చేసరికి శవం ఇంకా గదిలోనే ఉంటుంది. వేలిముద్రలో, బురద అడుగులో, ఏదో ఒకటి దొరుకుతుంది. ఏళ్లు గడిచిన కేసులో అవేవీ ఉండవు. దర్యాప్తు చేసిన అధికారి రిటైరై ఉంటాడు, శిక్ష పడిన మనిషి పోయి ఉంటుంది. మిగిలేది జ్ఞాపకం. అదీ చెప్పీ చెప్పీ అరిగిపోయినది. ఇంత తక్కువ సరుకుతో నిజం రాబట్టి పాఠకుడి చేత ఔననిపించడం తేలిక కాదు.

ఆ పని అందరికంటే బాగా చేసింది అగాథా క్రిస్టీ అని నా నమ్మకం. 'ఫైవ్ లిటిల్ పిగ్స్' 1942లో అమెరికాలో, మరుసటి ఏడాది ఇంగ్లండులో వచ్చింది. కార్లా అనే అమ్మాయి డిటెక్టివ్ పాయిరో దగ్గరికి వస్తుంది. పదహారేళ్ల కిందట ఆమె తండ్రి, చిత్రకారుడు ఏమియస్ క్రేల్, విషప్రయోగంతో చనిపోయాడు. నేరం తల్లి కెరొలైన్ మీద పడింది. ఆమె జైల్లోనే కన్నుమూసింది, తాను ఏ పాపం ఎరగనని కూతురికి ఉత్తరం రాసిపెట్టి.

పాయిరో ఆనాడు అక్కడున్న ఐదుగురిని కలుస్తాడు. మాట్లాడించి ఊరుకోడు, గుర్తున్నదంతా కాగితం మీద రాసిమ్మంటాడు. అలా ఒకే మరణాన్ని మనం ఐదుసార్లు చదువుతాం. ఒకరికి కెరొలైన్ కసాయిది, ఇంకొకరికి సాధ్వి. సంగతులు మాత్రం దాదాపు అవే. సాక్షుల్లో ఎక్కువమంది అబద్ధమాడరు. చూసింది చూసినట్టే చెబుతారు, దానికి వాళ్లు చెప్పుకున్న అర్థమే తప్పు. క్రిస్టీ నేర్పంతా ఇక్కడే ఉంది.

బీరు సంగతే చూడండి. తోటలో బొమ్మ వేస్తున్న భర్తకు కెరొలైన్ చల్లని బీరు తెచ్చి గ్లాసులో పోసి ఇస్తుంది. అతను తాగి, ఇవాళ ఏది తాగినా రుచి బాగాలేదని విసుక్కుంటాడు. అందరూ బీరులోనే విషం కలిసిందనుకున్నారు. పాయిరోకు వేరే అనుమానం వస్తుంది: 'ఏది తాగినా' అన్నాడంటే, అంతకుముందే ఇంకేదో తాగి ఉండాలి కదా! ఏమియస్ చనిపోయాక కెరొలైన్ బీరు సీసా తుడిచి, దాని మీద భర్త వేళ్లు నొక్కడం ఆ ఇంట్లో చదువు చెప్పే టీచరమ్మ కళ్లారా చూసింది. ఇంతకంటే రుజువేం కావాలి అనిపిస్తుంది. కానీ విషం దొరికింది గ్లాసులో, సీసాలో కాదు. విషం కలిపిన మనిషికి అది తెలియదా? ఉరితాడులా బిగుసుకున్న సాక్ష్యమే ఆమెను విడిపిస్తుంది. ఆ సీసా ఎందుకు తుడిచిందన్నది నేను చెప్పను, అది చదివే తెలుసుకోవాలి.

జోసెఫిన్ టే 1951లో రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్' ఇంకా వెనక్కి, 1483కు వెళ్తుంది. కాలు విరిగి ఆస్పత్రి మంచం మీదున్న ఇన్‌స్పెక్టర్ గ్రాంట్, మూడో రిచర్డ్ రాజు అన్నకొడుకులను నిజంగా చంపించాడా అని పుస్తకాలు తిరగేస్తాడు. రాజును దోషిగా చూపిన థామస్ మోర్‌కు ఆనాటికి ఐదేళ్లు. పైగా పెరిగింది రిచర్డ్ శత్రువు మోర్టన్ ఇంట్లో. అది కళ్లతో చూసిన సాక్ష్యం కాదు, విన్న మాట. టే రిచర్డ్ వైపు కాస్త ఎక్కువే మొగ్గిందనిపిస్తుంది నాకు. అయినా పాఠ్యపుస్తకంలో ఉన్నంత మాత్రాన నమ్మాలా అని అడగడం ఆ నవల నేర్పింది.

ఈ కథల్లో పోయినవాళ్లు తిరిగిరారు. కార్లాకు తల్లి దక్కదు, తల్లి మీది మచ్చ మాత్రం పోతుంది. నాకు అదే పెద్ద సంగతి.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కథలతో పెరిగిన పాఠకులు మనకున్నారు. ఫలానావాళ్లే చేశారని ఊరంతా తీర్మానించి వదిలేసిన సంగతులకూ మన దగ్గర కొదవ లేదు. తెలుగు రచయితలు అలాంటి ఒక్క సంగతిని అందుకుని, చూసినవాళ్లందరి చేతా మళ్లీ చెప్పించాలని నా కోరిక.